జీర్ణాశయం చిన్నదైన తరువాత

పప్పు, కూర, పచ్చడి, పులుసు, పెరుగు అంటూ వరుసగా అన్నంలో కలుపుకొని తినే తెలుగువారి భోజనంలో, మంచినీళ్లతో సహా, జీర్ణాశయానికి చేరే పదార్థం ఒక లీటరుకు తక్కువ ఉండదు. జీర్ణాశయం అందుకు తగినట్లుగానే సాగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ముడుచుకొని ఉండే ఈ కండరపు సంచి, నిండినప్పుడు లీటరు, లీటరున్నర వరకు పట్టగలదు. పుట్టినది మొదలు మనిషి కన్ను, చెయ్యి, నోరు అన్నీ ఈ కొలతకే అలవాటు పడి ఉంటాయి.

స్థూలకాయానికి శస్త్రచికిత్స చేయించుకొన్న వ్యక్తికి ఈ కొలత ఒక్క పూటలో మారిపోతుంది. నేడు ఎక్కువగా చేస్తున్న శస్త్రచికిత్సలు రెండు. మొదటిదానిలో జీర్ణాశయాన్ని నిలువునా కత్తిరించి, దాదాపు నాలుగింట మూడు వంతులను తొలగిస్తారు. మిగిలినది అరటికాయ ఆకారంలో ఉండే సన్నని గొట్టం. అందులో పట్టేది నూరు, నూటయేభై మిల్లీలీటర్లు, అనగా ఒక టీ కప్పు. దీనిని స్లీవ్ శస్త్రచికిత్స అంటారు. రెండవది బైపాస్. ఇందులో జీర్ణాశయపు పైభాగాన రెండు పెద్ద చెంచాల ద్రవం పట్టేంత చిన్న సంచిని వేరు చేసి, చిన్న ప్రేవును కొంత దిగువన కోసి దానికి అతుకుతారు. తిన్న ఆహారం జీర్ణాశయపు మిగిలిన భాగాన్ని, ఆంత్రమూలాన్ని తాకకుండా దారి మళ్లి పోతుంది. పైత్యరసము, క్లోమరసము వేరొక దారిన వచ్చి దిగువన దానితో కలుస్తాయి.

శస్త్రవైద్యుని పని గంట, రెండు గంటలలో ముగుస్తుంది. కన్ను, చెయ్యి, నోరు ఈ కొత్త కొలతను నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చేటప్పుడు రోగి చేతికి ఒక పెద్ద నియమాల పట్టిక ఇస్తారు. నీళ్లు ఎప్పుడు త్రాగాలి, ముద్ద ఎంతసేపు నమలాలి, ఏ మాత్ర ఏ మాత్రతో కలిపి వేసుకోరాదు అన్నవన్నీ అందులో ఉంటాయి. కారణం తెలియని నియమం ఎక్కువ కాలం నిలవదు. ఈ నియమాలలో ప్రతి ఒక్కటీ మారిన అవయవ నిర్మాణం నుండి పుట్టినదే.

పాత ప్రయత్నాలు

శరీరపు బరువు తగ్గించడానికి శస్త్రచికిత్స చేయడం 1954 నాటికే ఆరంభమైనది. అమెరికాలోని మిన్నెసోటాలో క్రెమెన్, ఆయన సహచరులు చిన్న ప్రేవులో అధికభాగాన్ని ఆహారపు దారి నుండి తప్పించారు. జీర్ణాశయాన్ని వారు ముట్టుకోలేదు. రోగి ఎంత తిన్నా ఒంటపట్టదు, కనుక చిక్కిపోతాడు. చిక్కిపోవడం నిజమే గాని, తరువాతి సంవత్సరాలలో ఇట్టి శస్త్రచికిత్స పొందినవారికి ఎడతెగని విరేచనాలు, మూత్రపిండాలలో రాళ్లు, కాలేయం చెడిపోవడం వంటి ఉపద్రవాలు కలిగాయి. చివరకు ఆ పద్ధతిని విడిచిపెట్టారు. తక్కువ తినేటట్లు చేయడం వేరు, తిన్నది ఒంటపట్టకుండా చేయడం వేరు అన్న పాఠం మాత్రం మిగిలింది.

కడుపులో పుండ్లకై జీర్ణాశయంలో కొంతభాగం తీసివేసిన రోగులు తరువాత లావెక్కకపోవడం గమనించి, అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్, చికాషీ ఇతో అనేవారు 1966లో బైపాస్ పద్ధతిని ఆరంభించారు. ఇప్పటి బైపాస్ దాని నుండి వచ్చినదే. 1990ల నుండి పెద్ద కోత లేకుండా, పొట్టపై చిన్న రంధ్రాల గుండా సాధనాలను పంపి చేయడం సాధ్యమైనది. అందువలన నొప్పి తగ్గి, రోగి రెండు మూడు రోజులలో ఇంటికి చేరుతున్నాడు. ఇంత త్వరగా ఇంటికి చేరడం వల్లనే, జరిగినది చిన్న విషయమని ఇంటివారు భావించే ప్రమాదం కూడా ఉన్నది.

మొదటి వారాలు

కత్తిరించి కుట్టిన చోట జీర్ణాశయపు గోడ అతుక్కోవాలి. అంతవరకు దానిపై ఒత్తిడి పడరాదు. అందుచేతనే మొదటి ఒకటి రెండు రోజులు తేట ద్రవాలు మాత్రమే ఇస్తారు. తరువాత సుమారు రెండు వారాలు పలుచని మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు, వెన్న తీసిన పాలు వంటివి. ఆ తరువాత మెత్తగా మెదిపిన పదార్థాలు, పిమ్మట మెత్తని ఘనాహారం. మామూలు ఆహారానికి వచ్చేసరికి ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. ఈ వరుసలో చిన్న తేడాలు ఒక్కొక్క ఆసుపత్రికి ఉంటాయి. ఎవరి వైద్యుడు చెప్పినది వారికి ప్రమాణం.

ఈ రోజులలో జ్వరం, నాడి వేగంగా కొట్టుకోవడం, పొట్టలోనో ఎడమ భుజంలోనో నొప్పి పెరగడం కనిపిస్తే అది కుట్టు వద్ద కారుతున్న సూచన కావచ్చును. తెల్లవారేదాకా చూద్దామనుకోరాదు. వెంటనే శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రికి తీసుకొని పోవాలి.

ముద్ద, నీరు

సహజమైన జీర్ణాశయపు దిగువ భాగం తిరగలి వంటిది. అక్కడి కండరాలు ఆహారాన్ని చిలికి, ఒకటి రెండు మిల్లీమీటర్ల రేణువులయ్యే వరకు నలుపుతాయి. ఆ తరువాతనే దిగువ ద్వారం వద్ద ఉన్న కండరపు కవాటం దానిని కొద్దికొద్దిగా ప్రేవులోనికి విడుస్తుంది. హడావిడిగా మ్రింగేవారు కూడా ఆరోగ్యంగా తిరగగలగడానికి ఈ తిరగలియే కారణం. బైపాస్ తరువాత ఆహారం ఈ తిరగలి దగ్గరకు పోదు. స్లీవ్ తరువాత తిరగలి చాలవరకు మిగిలే ఉంటుంది గాని, అక్కడికి పోయే దారి ఇరుకు. కావున నలిపే పని పండ్లు చేయాలి. ముద్దను ఇరవై, ముప్పయి సార్లు నమలమనడం ఇందుకే.

మొదటి నెలలలో చాలామందికి అందరికంటె ఎక్కువ తంటా తెచ్చేది ఎండుమిరపకాయ కాదు, అన్నమే. మెత్తగా వండి, కలిపి, ముద్ద చేసిన అన్నం అంటుకొని ఒకే గడ్డగా దిగుతుంది. చపాతీ, రొట్టె, పీచు గల మాంసం కూడా అంతే. సన్నని దారిలో అట్టిది చిక్కుకొంటే రొమ్ము మధ్య బరువుగా నొప్పి పుడుతుంది. నోట నురుగుతో కూడిన లాలాజలం ఊరుతుంది. చివరకు ముద్ద తిరిగి పైకి వచ్చే వరకు సుఖం ఉండదు. దిగడానికని నీళ్లు త్రాగితే బాధ హెచ్చుతుంది, ఎందుకంటే ఆ నీటికీ దారి లేదు. ముద్దను చెయ్యి కొలిచే చోట, ఈ చెయ్యి ఎప్పటి కొలతనో తీసుకొంటుంది. అందుకే కొందరు కొంతకాలం చిన్న చెంచాతోనూ, చిన్న పళ్లెంలోనూ తింటారు. ఇది వేషం కాదు, చేతిని మోసపుచ్చే ఉపాయం.

భోజనంతో నీళ్లు త్రాగరాదన్న నియమం మరీ కష్టం. విస్తరి ప్రక్కన గ్లాసు, చివర మజ్జిగ లేని భోజనం మనకు భోజనం కాదు. కాని టీ కప్పంత స్థలంలో నీళ్లు పోస్తే ఆహారానికి చోటు మిగలదు. బైపాస్ అయినవారిలో నీరు ఆహారాన్ని ప్రేవులోనికి త్వరగా కడిగివేస్తుంది కూడా. నిండినట్లు తోచిన కడుపు కొద్దిసేపటికే ఖాళీ అయి మళ్లీ తినాలనిపిస్తుంది. అందుచేత భోజనానంతరం అరగంట ఆగి నీళ్లు త్రాగమంటారు.

మరి రోజుకు కావలసిన లీటరున్నర నీరు ఎట్లా? చెంబుతో ఎత్తి గటగటా త్రాగే శక్తి ఇప్పుడు లేదు. లెక్క వేసి చూస్తే దారి కనిపిస్తుంది. పావుగంటకు యేభై మిల్లీలీటర్ల చొప్పున గుక్క గుక్కగా త్రాగితే ఎనిమిది గంటలకు 1,600 మిల్లీలీటర్లు అవుతుంది. మన ఎండాకాలంలో ఇంకా కావాలి. శస్త్రచికిత్స తరువాతి నెలలలో మళ్లీ ఆసుపత్రికి రావలసి వచ్చే సామాన్య కారణాలలో ఒంట్లో నీరు తగ్గిపోవడం ఒకటి. దాహం వేసేదాకా ఆగక, చేతి దగ్గర సీసా ఉంచుకొని త్రాగుతూ ఉండాలి.

విస్తరిలో వరుస మార్పు

రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా మాంసకృత్తులు తినమని వైద్యులు చెబుతారు. అవి చాలకపోతే శరీరం క్రొవ్వుతోపాటు కండను కూడా కరిగించుకొంటుంది. తూకంలో బరువు తగ్గినట్లే కనిపిస్తుంది గాని, మెట్లెక్కేటప్పుడు కాళ్లు నిజం చెబుతాయి. ఇప్పుడు వంటింటి లెక్క చూడాలి. నూరు గ్రాముల అన్నంలో మాంసకృత్తులు మూడు గ్రాములకు లోపు. గ్రుడ్డులో ఆరు. ఒక గ్లాసు, అనగా 200 మిల్లీలీటర్ల పాలలో ఆరు లేక ఏడు. ముప్పయి గ్రాముల కందిపప్పులో ఆరు గ్రాములకు పైన. నూరు గ్రాముల కోడిమాంసంలో ఇరవైకి మించి ఉంటాయి.

టీ కప్పంత చోటును అన్నంతో నింపితే ఈ 60 గ్రాములు ఏనాటికీ పూర్తికావు. కావున భోజనపు వరుస తలక్రిందులవుతుంది. ముందు గ్రుడ్డో, చేపో, గట్టి పప్పో, పనీరో తినాలి. తరువాత కూరగాయలు. చోటు మిగిలితే చివర అన్నం. శాకాహారులకు ఇది మరింత కష్టం. పాలు, పెరుగు, పప్పులు, సోయా మూడు పూటలా జాగ్రత్తగా పంచుకోవాలి. చాలక వైద్యుడు చెబితే మాంసకృత్తుల పొడి పాలలో కలుపుకోవాలి. అన్నమే భోజనమనీ, మిగిలినవి ఆదరువులనీ తలచే ఇంట్లో ఈ మార్పు సామాన్యమైనది కాదు. "అదేమిటమ్మా, అన్నం ముట్టకుండా పప్పు తిని లేచిపోయావు?" అని అత్తగారు అంటే ఆమె తప్పు కాదు. ఆ కోడలి తరఫున వైద్యుడో ఆహార నిపుణుడో ఆమెతో ఒకమారు మాట్లాడటం మంచిది.

తీపి విషయం వేరు. సహజ స్థితిలో దిగువ కవాటం తీయని ద్రవాన్ని కొద్దికొద్దిగానే ప్రేవులోనికి విడుస్తుంది. బైపాస్ తరువాత ఆ కవాటం దారిలో లేదు. ఒక గిన్నెడు పాయసం త్రాగితే గాఢమైన చక్కెర ద్రావణం ఒక్కసారిగా చిన్న ప్రేవులోనికి దూకుతుంది. ద్రవాభిసరణం వలన రక్తంలోని నీరు ప్రేవులోనికి లాగబడుతుంది. ప్రేవులు కొన్ని హార్మోనులను విడుస్తాయి. పది నిమిషాలు మొదలు అరగంట లోపల గుండెదడ, చెమటలు, కళ్లు తిరగడం, కడుపులో మెలిపెట్టినట్లుండడం, విరేచనం కలుగుతాయి. దీనిని డంపింగ్ అంటారు. మరికొందరిలో ఒకటి మొదలు మూడు గంటల తరువాత ఇంకొక విధమైన బాధ వస్తుంది. రక్తంలోకి త్వరగా చేరిన చక్కెరకు ప్రతిగా ఇన్సులిన్ అధికంగా వెలువడి, చక్కెర మామూలుకంటె దిగజారిపోతుంది. చేతులు వణకడం, తెలివి తప్పబోవడం దాని గుర్తులు. పెళ్లి విందు నుండి బండి నడుపుకొని తిరిగి వచ్చేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఆకలి మౌనంగా ఉండే కాలం

స్లీవ్ శస్త్రచికిత్సలో తొలగించే పైభాగం ఉత్త సంచి కాదు. 1999లో జపాను శాస్త్రవేత్తలు కోజిమా, కంగావా, వారి సహచరులు కనుగొన్న గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా అక్కడే తయారవుతుంది. భోజనానికి ముందు రక్తంలో దీని మోతాదు హెచ్చి మెదడుకు ఆకలిని తెలియజేస్తుంది. ఆ భాగం పోగానే మోతాదు పడిపోతుంది. బైపాస్‌లోనేమో ఆహారం దిగువ ప్రేవుకు త్వరగా చేరడం వలన తృప్తిని కలిగించే హార్మోనులు హెచ్చుతాయి. రెండింటిలోనూ రోగికి కొన్ని నెలలు ఆకలి దాదాపు తెలియదు. గడియారం చూచి తినవలసి వస్తుంది. మధుమేహం ఉన్నవారిలో బరువు తగ్గడానికి ముందే రక్తంలో చక్కెర తగ్గడం కూడా ఈ మార్పుల ఫలితమే. అందువలన పాత మోతాదులోనే ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడుతూ పోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. మోతాదును మొదటి వారంలోనే వైద్యుడు తిరిగి నిర్ణయించాలి.

ఈ మౌనం శాశ్వతం కాదు. స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక పెద్ద పరిశీలన వేలమంది రోగులను ఏళ్ల తరబడి అనుసరించింది. బైపాస్ అయినవారు ఒకటి రెండు సంవత్సరాలలో సగటున తమ బరువులో నూటికి 32 వంతులు కోల్పోయారు. పదేళ్ల తరువాత చూస్తే ఆ తగ్గుదల నూటికి 25 వంతులు. అనగా కొంత తిరిగి వచ్చింది, ఎక్కువభాగం రాలేదు. శస్త్రచికిత్స పొందినవారిలో మరణాలు తక్కువని కూడా 2007లో అదే పరిశీలన తెలిపింది.

తిరిగి వచ్చే బరువు సాధారణంగా పెద్ద భోజనాల వలన రాదు. పెద్ద భోజనం పట్టదు గదా. నోట్లో కరిగిపోయే జంతికలు, చేగోడీలు, బిస్కెట్లు, ఐస్‌క్రీము, పండ్లరసాలు ఇరుకు దారిలో కూడా జారిపోతాయి. గంటకు నాలుగు చొప్పున తింటే నిండినట్లు తోచదు, లెక్కకూ అందదు. ఆకలి మౌనంగా ఉన్న ఆ ఏడాదిలోపల వేళకు తినడం, రోజూ నడవడం, వైద్యుని అనుమతి పొందిన తరువాత కొద్దిపాటి బరువులెత్తడం అలవాటైనవారికి తరువాతి కాలం సులువవుతుంది.

కనిపించని లోటు

బెరిబెరి వ్యాధి తెలుగుదేశానికి కొత్తది కాదు. మరపట్టిన తెల్లని బియ్యం ప్రధానాహారమైన ఉత్తర సర్కారు జిల్లాలలో, గత శతాబ్దపు తొలిభాగంలో ఈ వ్యాధి ఎక్కువగా కనిపించేది. తవుడుతో పాటు థయామిన్ అనే బి-1 విటమిను పోవడమే కారణం. శరీరంలో దీని నిలువ రెండు మూడు వారాలకు మించి ఉండదు. శస్త్రచికిత్స తరువాత రోగి అసలే కొద్దిగా తింటాడు. దానికి తోడు వాంతులు పట్టుకొంటే ఆ నిలువ అడుగంటుతుంది. చూపు రెండుగా కనిపించడం, నడకలో తూలడం, మాటలో తికమక దీని లక్షణాలు. సకాలంలో థయామిన్ ఇవ్వకపోతే మెదడుకు కలిగే హాని మానకపోవచ్చును. మరొక చిక్కు ఉన్నది. గ్లూకోజును వినియోగించుకోవడానికి శరీరానికి థయామిన్ కావాలి. నీరసంగా ఉన్నాడని ఊరిలో ఒక గ్లూకోజు సీసా ఎక్కిస్తే మిగిలిన కొద్దిపాటి నిలువ కూడా ఖర్చయి స్థితి విషమిస్తుంది. ముందు థయామిన్ ఇచ్చి, పిమ్మటనే గ్లూకోజు ఎక్కించాలి. రెండు మూడు రోజులు ఎడతెగకుండా వాంతులవుతుంటే అది అరగక వచ్చినదని ఇంట్లో కూర్చోరాదు.

బి-12 విటమిను సంగతి దీనికి విరుద్ధం. ఆహారంలోని బి-12 విడివడడానికి జీర్ణాశయపు ఆమ్లం కావాలి. ప్రేవు దానిని పీల్చుకోవడానికి జీర్ణాశయపు గోడలలోనే తయారయ్యే ఒక ప్రత్యేక పదార్థం కావాలి. శస్త్రచికిత్స తరువాత రెండూ కొరవడుతాయి. అయితే కాలేయంలో బి-12 నిలువ కొన్ని సంవత్సరాలకు సరిపోతుంది. అందుచేత రోగి బరువు తగ్గి, కొత్త బట్టలు కుట్టించుకొని, మాత్రలతో ఇక పని లేదనుకొన్న రెండవ, మూడవ ఏట లోటు బయటపడుతుంది. అరికాళ్లలో తిమ్మిరి, మతిమరుపు, రక్తహీనత వస్తాయి. మాంసాహారం ముట్టనివారిలో నిలువ ముందే తక్కువ కనుక ఇంకా త్వరగా వస్తుంది.

ఇక్కడ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరించడం అప్రస్తుతం కాదు. ఆయన నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించారు. రక్తహీనతకు అది గొప్ప ఔషధమైనది. కాని లోటు బి-12ది అయినప్పుడు ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇస్తే రక్తం బాగుపడినట్లు కనిపిస్తుంది, నరాల క్షయం మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. కావున రక్తహీనతకు ఏదో ఒక బలం మాత్ర చాలునన్నది ఈ రోగుల విషయంలో చెల్లదు. బి-12ను పెద్ద మోతాదు మాత్రగా ప్రతిదినమో, సూదిమందుగా నెలకొకసారో జీవితాంతం తీసుకోవాలి.

ఇనుము, కాల్షియం ముఖ్యంగా ఆంత్రమూలంలోను, దాని ప్రక్క ప్రేవులోను పీల్చబడుతాయి. బైపాస్‌లో ఆహారం ఆ చోటును తప్పించుకొని పోతుంది. మాత్రలు వేసుకోవలసిందే గాని, రెండింటినీ ఒకేసారి వేసుకొంటే ఒకదానిని మరొకటి అడ్డుకొంటుంది. రెండు గంటల ఎడం ఉండాలి. ఇనుము మాత్రను కాఫీ, టీలతో మ్రింగరాదు. ఆమ్లం తక్కువైన జీర్ణాశయంలో కాల్షియం కార్బొనేటుకంటె సిట్రేటు మేలు. వీటికి విటమిను డి తోడు కావాలి.

మూడు నాలుగు నెలలకు దువ్వెనలో జుట్టు చుట్టలు చుట్టలుగా రావడం చూచి స్త్రీలు బెంబేలు పడుతారు. వేగంగా బరువు తగ్గిన దేహంలో వెంట్రుకలు విశ్రాంతి దశలోకి పోవడం వలన ఇది జరుగుతుంది. మాంసకృత్తులు, ఇనుము సరిగా ఉంటే కొన్ని నెలలకు తిరిగి మొలుస్తాయి. వేగంగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చును గనుక దానికి మందు ఇస్తారు. ఒళ్లునొప్పులకు అంగడిలో దొరికే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు బైపాస్ అయినవారికి అతుకు వద్ద పుండు పుట్టిస్తాయి. పొగత్రాగడం కూడా అంతే. మద్యం మునుపటికంటె త్వరగా, తీవ్రంగా రక్తంలోకి చేరుతుంది. తిండిపై ఉన్న యావ మద్యం వైపు మళ్లినవారు కూడా ఉన్నారు.

ఇళ్లలో మాట్లాడటానికి మొగమాటపడే విషయం ఒకటి ఉన్నది. అధిక బరువు వలన నెలసరి క్రమం తప్పి, పిల్లలు కలుగని స్త్రీలలో బరువు తగ్గుతుండగానే గర్భధారణ శక్తి తిరిగి వస్తుంది. కాని తల్లి ఒంట్లో పోషకాలు తరిగిపోతున్న ఆ కాలంలో గర్భం దాల్చితే బిడ్డకు లోటు. ఏడాది మొదలు ఏడాదిన్నర వరకు ఆగమంటారు. బైపాస్ తరువాత నోటి ద్వారా తీసుకొనే గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చును గనుక వేరే పద్ధతిని ముందే నిర్ణయించుకోవాలి. పెద్దలు తొందరపెట్టినా, ఈ ఒక్క విషయంలో భార్యాభర్తలిద్దరూ వైద్యుని ఎదుట కూర్చొని మాట్లాడుకోవడం అవసరం. ఏకాదశి, రంజాను వంటి ఉపవాసాలను కూడా మొదటి ఏడాది, ఏడాదిన్నర ఆపుకొని, ఆపైన వైద్యుని అడిగి పాటించవచ్చును.

శస్త్రచికిత్స జరిగిన పెద్ద నగరం ఒకటి, రోగి కాపురముండే ఊరు మరొకటి కావడం మామూలు. అర్ధరాత్రి వాంతులతోనో కడుపునొప్పితోనో దగ్గరి ఆసుపత్రికి పోతే, పొట్టపై మానిన చిన్న మచ్చలను చూచి లోపల ఏమి జరిగినదో అక్కడి వైద్యుడు గుర్తించలేడు. స్లీవ్, బైపాస్‌లలో చేసినది ఏది, ఏ తేదీన, ఏ మందులు వాడుతున్నారు, ఏ నొప్పి మాత్రలు కూడవు, గ్లూకోజుకు ముందు థయామిన్ కావాలి అన్న సంగతులు వ్రాసిన కాగితం ఒకటి రోగి సంచిలో ఎప్పుడూ ఉండాలి. మొదటి ఏడాది మూడు నాలుగు నెలలకొకసారి, ఆ తరువాత ఏటేటా హిమోగ్లోబిన్, ఇనుము నిలువ, బి-12, విటమిను డి, కాల్షియం పరీక్షలు చేయించి, వాటి ఫలితాలను కూడా ఆ కాగితంతోనే జతపరచి ఉంచుకోవాలి.